బిందె లేకుండా ఏటికి...

"అవ్వా, గండికోటకు పోదామా? అక్కడ లోయ అంచున గుడారాలు వేసి ఇస్తారంట. రాత్రంతా ఆరుబయట పండుకోవచ్చు" అంది మా అమ్మాయి, ఫోన్లో బొమ్మలు చూపిస్తూ. బెంగళూరులో ఉద్యోగం తనకి. నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చింది.

మా అమ్మ కళ్లజోడు సర్దుకుని చూసింది. ఎర్రటి బండల మధ్య లోతైన లోయ, అడుగున పచ్చటి నీళ్లు, పైన వరసగా చిన్న చిన్న గుడారాలు.

"ఏ ఏరది?"

"పెన్నా నది అవ్వా."

"మన ఏరే గదా! దాని గట్టున పండుకునేదానికి జమ్మలమడుగు దాకా పోవల్లనా? మన ఉరవకొండ దిక్కు లేదా ఏంది?"

అందరం నవ్వేశాం. అమ్మ మాత్రం నవ్వలేదు. కాసేపాగి, "నిజంగా పోయేటట్లుంటే చెప్పండి, నేనూ వస్తా. నాకూ ఒకసారి ఏటి దగ్గర పండుకోవాలనుంది" అంది.

అమ్మకు డెబ్బై ఆరేళ్లు. నాన్న పోయిన ఈ మూడేళ్లలో ఆస్పత్రికి తప్ప గడప దాటిన మనిషి కాదు. ఎవరింట్లో శుభకార్యమైనా "మీరు పోయి రండి, నాకు మోకాళ్లు నొప్పి" అనేసేది. అలాంటిది తనంతట తనే వస్తానంది! ఇక గండికోట మాట ఎవరం ఎత్తలేదు.

నలుగురు ఆడవాళ్లు, ఒక కారు

అన్నయ్యకు చెబితే, "ఆడోళ్లు నలుగురే పోతారా? రాత్రిపూట ఏటిగట్టునా? మతి ఉండే మాట్లాడుతున్నారా?" అన్నాడు. ఆయన భయంలో తప్పు లేదు. మనం ఊరు దాటాలంటే పెళ్లి ఉండాలి, లేదంటే పురుడో, మొక్కుబడో ఉండాలి. ఊరికే చూసొస్తామంటే ఇంట్లో వాళ్లకి వింతగానే ఉంటుంది మరి!

అప్పుడు మా వదిన నోరు విప్పింది. "ఈ ఇంటికొచ్చి ముప్పై ఏళ్లయింది. పుట్టింటికి, తిరుపతికి, ఆస్పత్రికి తప్ప యాడికన్నా పోయినానేమో చెప్పండి." అన్నయ్య మారు మాట్లాడలేదు. సాయంత్రానికి కారు టైర్లలో గాలి పట్టించుకొచ్చాడు. అదీ ఆయన ఒప్పుకోవడం!

చోటు అమ్మే చెప్పింది. మా చిన్నమ్మ కొడుక్కి పెన్నహోబిలానికి కొంత దూరంలో, పెన్న గట్టున చీనీ తోట ఉంది. తోటలోనే కాపురముండి చూసుకునే భార్యాభర్తలున్నారు. "స్నానాల గది ఉందా?" అన్నది మా వదిన మొదటి ప్రశ్న. నవ్వకండి. ఆడవాళ్ల ప్రయాణాలు సగం ఆగిపోయేది ఈ ఒక్క ప్రశ్న దగ్గరే. ఉందని తెలిశాక అందరికీ ధైర్యం వచ్చింది.

మా అమ్మాయి సర్దినవి టార్చిలైట్లు, దోమతెరలు, ఫోన్లకు వాడే బ్యాటరీలు. వదిన జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, ఊరిబిండి, పెరుగు కట్టింది. నేను మందుల డబ్బా, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను పెట్టాను. అమ్మ తెచ్చుకున్నవి ఒక దుప్పటి, ఒక చీపురు, ఒక ఇత్తడి చెంబు. "చీపురెందుకవ్వా?" అని మనవరాలు అడిగితే, "పండుకునే చోటు ఊడ్చుకోవద్దా?" అంది.

ఎర్రనేల మీదుగా...

డిసెంబరు మొదటి వారం. పొద్దున్నే అనంతపురంలో ఉగ్గాని, బజ్జీ తిని ఉరవకొండ రోడ్డెక్కాం. కారు మా అమ్మాయే నడిపింది. పెన్నహోబిలం నలభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఆగకుండా పోతే గంట దారి. కానీ మేం ఆగుతూ ఆగుతూ పోవాలనే బయల్దేరాం.

కూడేరు దాటితే రోడ్డుకు అటూ ఇటూ ఎర్రటి చేలు. శెనక్కాయ పీకేసి నెల దాటింది. బోడి చేలల్లో కంది సాళ్లు మాత్రం పచ్చగా నిలబడి ఉన్నాయి. దూరంగా గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. "ఇంత బాగుంది కదమ్మా, దీన్ని కరువు నేల అంటారెందుకు?" అని మా అమ్మాయి అడిగింది.

అడగాల్సిన ప్రశ్నే. అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తం మీద పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా దీన్ని చెప్పుకుంటారు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. అటు కొండల మీద కుమ్మరించి, ఇటు వచ్చేసరికి మబ్బులో పస ఉండదు. ఈశాన్య రుతుపవనాలు కోస్తాను తడిపి, ఇంత లోపలికి వచ్చేసరికి అలిసిపోతాయి. రెండు వైపులా చుట్టాలుండీ పండక్కి చీర పెట్టేవాళ్లు లేని ఆడబిడ్డ బతుకు ఈ నేలది!

ఒక చోట కారాపి పచ్చి కందికాయలు అడిగితే, చేలో పనిచేస్తున్న ఆమె ఒడినిండా తెచ్చిచ్చింది. డబ్బిస్తే తీసుకోలేదు. "తాగేదానికి నీళ్లుంటే ఇయ్యమ్మా" అంది. క్యానులోంచి సీసా నింపి ఇచ్చాం. ఆ మారకం చూసి అమ్మ, "ఈ నేల మీద లెక్క ఇదే" అంది.

పెన్నహోబిలం

లక్ష్మీనరసింహస్వామి గుడికి దారి మళ్లగానే గాలి మారింది. చుట్టూ గుట్టలు. వేప, తుమ్మ, రేగు, సీతాఫలం చెట్లతో పొదలు పొదలుగా ఉండే అడవి ఇది. మారేడుమిల్లిలాగా ఆకాశం కనబడని అడవిని ఊహించుకుని వస్తే నిరాశపడతారు. ఇక్కడి చెట్టు తక్కువ నీటితో బతకడం నేర్చుకున్న చెట్టు. ఆకు చిన్నది, ముల్లు పెద్దది. కొమ్మల్లో నెమళ్లు అరుస్తుంటే మా అమ్మాయి ఫోను పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తింది. చుట్టుపక్కల చేలల్లో జింకల మందలూ తిరుగుతుంటాయి. అవి రైతుకు తెచ్చే నష్టం వేరే కథ.

స్వామి శిరస్సు అహోబిలంలో, పాదం ఇక్కడ అని భక్తుల నమ్మకం. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఎన్ని జంటలకు ఇక్కడ పెళ్లిళ్లయ్యాయో లెక్కలేదు. మా అమ్మానాన్నల పెళ్లి కూడా ఇక్కడే. దర్శనమయ్యాక అమ్మ మెట్ల మీద కూర్చుని, "ఆ పొద్దు ఏరు పారుతా ఉండె. బండి చక్రాలు సగం మునిగినాయి. మా అమ్మ నా పసుపు బట్టలు తడుస్తాయని పైకి ఎత్తి పట్టుకున్నింది" అంది. మేం ఎప్పుడూ వినని మాట.

పెన్న కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, మన జిల్లాలోకి వచ్చి, ఉత్తరానికి నడిచి నడిచి, తర్వాత తూర్పుకు తిరుగుతుంది. పామిడి, తాడిపత్రి, గండికోట, సోమశిల, నెల్లూరు మీదుగా 597 కిలోమీటర్లు ప్రయాణించి సముద్రంలో కలుస్తుంది. నెల్లూరు వాళ్లకు పెన్న అంటే వరి పొలాలు. మనకు మాత్రం పెన్న అంటే ఇసక.

మరి ఇక్కడ నీళ్లే లేవా అంటే ఉన్నాయి. దగ్గర్లోనే, కొర్రకోడు దగ్గర పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ ఉంది. పీఏబీఆర్ అంటే అందరికీ తెలుస్తుంది. కట్టినప్పటి లెక్క ప్రకారం అందులో పట్టే నీరు 11 టీఎంసీలు. కానీ పెన్న తెచ్చే నీటిని నమ్ముకుని కట్టింది కాదది. హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యాం నుంచి ఎగువ కాలువ తెచ్చే నీళ్లవి. శ్రీశైలం వెనక నీళ్లు హంద్రీనీవా కాలువలో ఎత్తిపోతల మీద 2012లో బెళుగుప్ప మండలం జీడిపల్లి దాకా వచ్చాయి. అంటే ఈ చుట్టుపక్కల మనం తాగే చెంబెడు నీళ్లలో తుంగభద్ర, కృష్ణ రెండూ ఉండొచ్చు. పక్కనే ఉన్న పెన్నే ఉండకపోవచ్చు!

చోటు చూసుకోవడం ఒక విద్య

మూడు గంటలకల్లా తోట చేరాం. చీనీ చెట్లు దాటితే గట్టు, గట్టు దిగితే ఏరు. తెల్లటి ఇసక, అక్కడక్కడ జమ్ము, అవతలి ఒడ్డున కంపచెట్లు, వాటి వెనక గుట్ట. మనిషి అలికిడి లేదు. నీళ్లూ లేవు. మా అమ్మాయి చెప్పులు విప్పేసి ఇసకలోకి దూకింది. "ఇక్కడే పక్కలు వేద్దాం. మెత్తగా ఉంది" అంది.

"ఇసకలో వద్దు. గట్టు మీదనే" అంది అమ్మ.

"వాన లేదు కదవ్వా, మబ్బు కూడా లేదు."

"ఈడ మబ్బు లేకపోతే ఏం? పైన యాడ కురిసిందో నీకు తెలుసునా? ఏరు చెప్పి రాదు."

ఆ మాటకు వదిన తల ఊపింది. 2021 నవంబరు మాకందరికీ గుర్తుంది. వారం ముందు వరకూ ఇసకమేటలుగా ఉన్న ఏర్లు ఒక్క రాత్రిలో పొంగాయి. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి మధ్యలో చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టర్ వచ్చి పైకి లాగాల్సి వచ్చింది. అదే రోజు కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య డ్యాం కట్ట తెగి పల్లెలకు పల్లెలే కొట్టుకుపోయాయి. ఎండిన ఏరు చచ్చిన ఏరు కాదు. విహారానికి వెళ్లేవాళ్లు ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

అమ్మ చేతికర్రతో గట్టంతా తిరిగింది. పుట్టలున్న చోటు వద్దంది. పెద్ద చింతచెట్టు కింద వద్దంది, ఎండుకొమ్మలు విరిగి పడతాయని. రాళ్ల కుప్పకు దూరంగా, కానుగ చెట్టుకు ఇవతల కాస్త ఎత్తైన చోటు చూపించి చీపురు అందుకుంది. ఆమెను కూర్చోబెట్టి మేం ఊడ్చాం. తోటలో ఆమె నులకమంచాలు తెచ్చి వేసింది. "కింద పండుకోవద్దమ్మా, పురుగూ పుట్రా ఉంటాయి" అంది. ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి చాలామందికి కాటు సంగతే తెలియదు.

చెలమ

ఎండ తగ్గాక అందరం ఏట్లోకి దిగాం. అమ్మను చెరో చెయ్యి పట్టుకుని దింపాం. ఇసకలో నాలుగడుగులు వేసి నిలబడింది. కర్రతో అక్కడా ఇక్కడా పొడిచింది.

"ఈడ తవ్వమ్మీ" అంది మనవరాలితో.

మోచేతి లోతు తవ్వినా పొడి ఇసకే. అమ్మ మొహం చిన్నబోయింది. "ఇంతకుముందు జానెడు తీస్తే వచ్చేవి" అని గొణుక్కుంది. ఇసక అనేది నది దాచుకున్న నీటి పాత్ర. వాన నీటిని పీల్చుకుని, ఎండకు ఆవిరి కానీయకుండా నెలల తరబడి కింద ఉంచుతుంది. మన పెద్దలు ఏటి ఇసకలోంచే ఊటకాలువలు తవ్వి గట్టున పొలాలు పండించారు. ఆ ఇసక లారీలకెక్కి పోతే పాత్రే పోయినట్టు. పైగా గట్లంతా వందల అడుగుల బోర్లు. నీటికీ, ఇసకకూ, చెట్టుకూ రక్షణగా 2002లో వాల్టా చట్టం వచ్చింది. చట్టం కాగితం మీద ఉంటే చాలదు కదా!

"జమ్ము ఉండే తావుకు పోదాం పా" అంది అమ్మ. ఒక బండ మొదట్లో, జమ్ము పక్కన మళ్లీ తవ్వాం. ఈసారి ఇసక తడిగా తగిలింది. ఇంకాస్త తీసేసరికి అడుగున నల్లగా మెరిసింది. చూస్తుండగానే నీళ్లు! "ఆగండి, కలపొద్దు. తేరుకోవాల" అంది అమ్మ. పక్కనే చతికిలబడి కూర్చుంది. మేమూ కూర్చున్నాం. పావుగంటకు చెంబులో సగం నీళ్లు వచ్చాయి. కాచకుండా తాగొద్దని నేనంటుండగానే అమ్మ గుక్కెడు తాగేసింది. "అదే రుచి" అంది.

చెంబెడు నీళ్ల లెక్క

తోటలో మూడు రాళ్ల పొయ్యి ఉంది. దాని మీదే కందికాయలు ఉడకబెట్టుకున్నాం. చలిమంట వేద్దామని మా అమ్మాయి ముచ్చటపడింది కానీ, ఎండుగడ్డి మధ్య నిప్పు వద్దంటే వద్దంది తోటలో ఆమె. చలికాలం దాటితే ఈ గుట్టలు ఎన్నిసార్లు అంటుకుంటాయో ఆమెకు తెలుసు.

రొట్టెలు తిన్నాక గిన్నెలు కడగడానికి మా అమ్మాయి క్యాను ఎత్తబోతే అమ్మ ఆపింది. గిన్నెలన్నీ ఇసకతో తోమించింది. జిడ్డు ఇసకకే పోయింది. చివరికి ఒక్క చెంబు నీళ్లతో అన్నీ తొలిచి, ఆ నీళ్లు కూడా చీనీ మొక్క మొదట్లో పోయించింది. "ఆఫీసులో నీళ్ల పొదుపు మీద మాకు రెండు రోజులు క్లాసు పెట్టారు. అవ్వను పిలిస్తే పది నిమిషాల్లో అయిపోయేది" అని మనవరాలు ఒకటే నవ్వు.

తొమ్మిది దాటేసరికి చలి పెరిగింది. చంద్రుడు ఇంకా రాలేదు. పట్నంలో మనం మరిచిపోయిన ఆకాశం అదంతా. అవతలి గుట్ట మీద నక్కలు అరిచాయి. ఏట్లో తీతువు పిట్ట కూస్తే వదిన ఉలిక్కిపడి, "అపశకునం" అంది. "ఏం శకునం? దాని తావులో మనమొచ్చి పండుకున్నాం. అది అరవక ఏం చేస్తాది?" అంది అమ్మ. తర్వాత పైకి చూసి, "పిల్లలకోడి నడినెత్తికి దగ్గరికొచ్చింది. పది అయింటాది" అంది. మా అమ్మాయి ఫోన్లో చూసింది. పదీ ఐదు!

"అవ్వా, నీకివన్నీ ఎట్లా తెలుసు? నువ్వు కూడా ఇట్ల ఏటిదగ్గర పండుకునేదానివా?"

కాసేపు జవాబు రాలేదు. తర్వాత చీకట్లోంచి అమ్మ గొంతు వినబడింది.

"పండుకునేదాన్నిమ్మీ. ఆ కరువేళ్లలో మన బావి ఎండిపాయె. పగలు చెలమల కాడ జనం. అందుకని రెండో జాముకే బిందెలెత్తుకుని ఏటికి పోయేవాళ్లం, నేనూ, మన వీధి ఆడోళ్లూ. ఎవురి చెలమ వాళ్లు తవ్వుకుని పక్కన్నే ఒరిగేవాళ్లం. బిందె నిండాలంటే అర్ధగంట. నిద్రపోతే పక్కామె చేదుకుంటాది, లేదంటే పశువు దిగుతాది. పండుకున్నా కన్ను మూసేది లేదు. మీ అమ్మ లేచి నేను కనబడక ఏడుస్తాదేమోనని ఒక దిగులు. తెల్లారి మీ తాత బడికి పోయేలోపల రెండు బిందెలు ఇంట్లో ఉండాల. అట్ల ఎన్ని రాత్రులో! ఈ చుక్కలన్నీ అప్పుడు చూసినవే."

నాకు అప్పుడు పదేళ్లు ఉంటాయి. తెల్లారుజామున మెలకువ వస్తే పక్కన అమ్మ ఉండేది కాదు. కాసేపటికి తలుపు చప్పుడు, తడిసిన చీర చెంగు, బిందె దించిన చప్పుడు... అంతవరకే నాకు తెలుసు. ఆమె ఎక్కడ పడుకుందో, అసలు పడుకుందో లేదో నలభై ఏళ్లలో నేను అడగనేలేదు.

"కొళాయి వచ్చినాక ఏటికి పోవాల్సిన పని తప్పింది. నీ అదృష్టం కోడలా, నువ్వొచ్చిన ఏడే కొళాయి వచ్చె" అంది అమ్మ. నిజమే. 1995-96లో సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలో 700కు పైగా పల్లెలకు నీళ్లు చేర్చింది. ఆ నీటికి ఆధారమైన చోట్లలో పీఏబీఆర్ కూడా ఒకటి. మా పల్లెకు కొళాయి వచ్చిందీ ఆ పథకంతోనే. మగవాళ్లు దాన్ని అభివృద్ధి అన్నారు. మా అమ్మలాంటి వాళ్లకు అది నిద్ర!

"మరి ఇప్పుడు మళ్లీ ఇక్కడ పండుకోవాలని ఎందుకనిపించిందవ్వా?"

"ఒక్కసారన్నా బిందె లేకుండా ఏటికి రావాలని" అంది అమ్మ.

ఆ తర్వాత ఎవరం ఏమీ మాట్లాడలేదు. వదిన లేచి తన దుప్పటి కూడా తెచ్చి అత్తగారి మీద కప్పింది.

తెల్లారింది

అమ్మ మూడు గంటలకల్లా లేస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే అలవాటు. ఇప్పుడు చేసే పనేమీ లేకపోయినా లేచి, హాల్లో కుర్చీలో కూర్చుని తెల్లారేదాకా ఎదురుచూస్తుంది. "పడుకోవచ్చు కదమ్మా" అంటే "నిద్ర రాదు" అంటుంది. అది ముసలితనం అనుకునేదాన్ని. అది చెలమ దగ్గర పట్టుబడిన అలవాటని ఆ రాత్రి తెలిసింది.

మర్నాడు నాకు మెలకువ వచ్చేసరికి తూర్పున ఎర్రబారింది. దుప్పట్ల మీద మంచు తడి. వదిన, మా అమ్మాయి ఏట్లో నడుస్తున్నారు. నిన్న తవ్విన చెలమ నిండా నీళ్లు చేరి, అంచున చిన్న పిట్టలు దిగి ఉన్నాయి. అమ్మ ఎక్కడా అని చూస్తే, మంచం మీదే ఉంది.

సూర్యుడు గుట్ట దాటి పైకి వచ్చాడు. అమ్మ లేవలేదు. వదిన కంగారుగా వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, నా వైపు తిరిగి నవ్వింది. సన్నగా గురక! ఎండ మొహం మీద పడ్డాక, ఏడు దాటాక కళ్లు తెరిచి, "అయ్యో, ఇంత పొద్దెక్కిందా? లేపొద్దా?" అని మా మీదే కేకలేసింది.

బయల్దేరే ముందు చెలమ పూడ్చేద్దామా అని మా అమ్మాయి అడిగింది. "ఉండనీ. పిట్టలు తాగుతాయి" అంది అమ్మ.

మీరూ వెళ్దామనుకుంటే...

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ ఈ ప్రాంతం హాయిగా ఉంటుంది. మార్చి తర్వాత పగలు తిరగలేరు.

రిజర్వు అడవిలో రాత్రి బస చేయాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. ఈ జిల్లా గుట్టల్లో ఎలుగుబంట్లు, చిరుతలు తిరుగుతాయి. తెలిసినవాళ్ల తోటో, గుడి దగ్గరి వసతో చూసుకోవడమే ఆడవాళ్లకు మేలు. ఎక్కడ ఉంటున్నదీ ఇంట్లో ఒకరికి, ఆ ఊళ్లో ఒకరికి చెప్పి ఉంచండి. అత్యవసరానికి 112, ఆంబులెన్సుకు 108 గుర్తుంచుకోండి.

ఏరు ఎంత ఎండి ఉన్నా ఇసకలో పడుకోకండి. గట్టు మీద, ఎత్తైన చోట పక్క వేయండి. పిల్లలను జలాశయాల్లో, మడుగుల్లో దింపకండి. ఇసక తీసిన గుంతలు నీటి కింద కనబడవు.

మంచం మీద పడుకుని దోమతెర అంచులు పరుపు కిందకు దోపుకోండి. పాము కాటు అనుమానం వస్తే కట్లు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. కాటు పడిన చెయ్యో కాలో కదలకుండా ఉంచి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మరుగుదొడ్డి లేని చోట నీటికి కనీసం 200 అడుగుల దూరంలో గుంత తీసి పూడ్చండి. వాడిన న్యాప్‌కిన్లు, ప్లాస్టిక్ సంచులు అక్కడ పూడ్చకుండా సంచిలో వెనక్కి తెచ్చేయండి.

మనిషికి రోజుకు నాలుగైదు లీటర్ల తాగునీరు వెంట ఉండాలి. పల్లెలో అడిగితే కాదనరు. అయినా అడగకుండా గడిచేలా వెళ్లడం మన మర్యాద.

ఇంకొక్క మాట. కారులో ఒక సీటు ఖాళీగా ఉంటే ఇంట్లో పెద్దావిడను ఎక్కించుకోండి. "మోకాళ్లు నొప్పి" అంటే నమ్మేయకండి. మా అమ్మ ఇప్పుడు కొత్త పాట అందుకుంది... "ఏమ్మీ, ఆ గండికోటకు ఎప్పుడు పోదాం?"